ఫరిష్తాలు, జిన్నులు: విశాఖ పాతపట్నంలో నన్ను తరచుగా అడిగే ప్రశ్నలు

మా ఇంటి అరుగు మీద రోజూ సాయంత్రపు అసర్ నమాజు అయ్యాక పిల్లలకు ఖుర్ఆన్ చదవడం నేర్పిస్తాను. పిల్లలు ఆపా అంటారు, వీధిలోవాళ్లు అక్కా అంటారు. ఇరవై ఏళ్లుగా చూస్తున్నాను, నన్ను అడిగే ప్రశ్నల్లో ఎక్కువ జిన్నుల గురించే. ఎక్కడుంటాయి, ఎవరిని పడతాయి, ఎలా వదిలించాలి. ఫరిష్తాల సంగతి అడిగేది ఎప్పుడో ఒకరు. నాకు అది బాధగా ఉంటుంది. ముస్లిం నమ్మవలసిన ఆరు మూల విశ్వాసాల్లో అల్లాహ్ తర్వాత వచ్చేది ఫరిష్తాలే. జిన్నులున్నారన్నదీ ఖుర్ఆన్ మాటే, కాదనేది లేదు. కానీ ఆ ఆరింటిలో వాళ్ల పేరు లేదు. మన ఇళ్లలో మాత్రం లెక్క తిరగబడింది. అందుకే మా పిల్లల కోసం, తెలుసుకోవాలని అడిగే హిందూ, క్రైస్తవ ఇరుగుపొరుగు కోసం ఈ జవాబులు రాస్తున్నాను.

దైవదూత అంటే ప్రవక్తే కదా, మళ్లీ ఈ ఫరిష్తా ఎవరు?

తెలుగులో ఈ తికమక ఎప్పటినుంచో ఉంది. ముహమ్మద్ ప్రవక్తను (సల్లల్లాహు అలైహి వసల్లం, అంటే ఆయనకు శాంతి కలుగుగాక; కుదించి స) కొందరు దైవదూత అనేస్తారు. ఆయన మనిషి. మక్కాలో పుట్టి, చిన్నప్పుడే తల్లిదండ్రులను పోగొట్టుకుని, వ్యాపారం చేసి, పెళ్లాడి, కన్నబిడ్డలను మట్టిలో పెట్టి కన్నీళ్లు పెట్టుకున్న మనిషి. అల్లాహ్ సందేశాన్ని అందుకున్నది ఆయన. ఆ సందేశాన్ని తెచ్చి ఇచ్చిన జిబ్రీల్ ఫరిష్తా. అరబీలో మలక్, బహువచనం మలాయికా. ఫరిష్తా అన్నది పార్సీ మాట, ఉర్దూ మీదుగా మన నోటికి వచ్చింది. తెలుగు ఖుర్ఆన్ అనువాదాల్లో దైవదూత అని రాస్తారు. ఆ మాట జిబ్రీల్‌కి ఉంచండి, ప్రవక్తను దైవప్రవక్త అనండి.

రాస్ కొండ చర్చికి వెళ్లే మా పక్కింటావిడ గబ్రియేలు అనేది ఈ జిబ్రీల్‌నే. వాళ్ల మిఖాయేలు మా మీకాయీల్.

వాళ్లను దేనితో చేశాడు అల్లాహ్?

ఫరిష్తాలను నూర్‌తో, అంటే వెలుగుతో. జిన్నులను పొగలేని అగ్నిజ్వాలతో. ఆదమ్‌ను మట్టితో. ఈ మూడూ ఒకే వరుసలో చెప్పిన హదీసు (ప్రవక్త మాట) ఉంది, ఆయన భార్య ఆయిషా బీబీ చెప్పినది, సహీహ్ ముస్లిం అనే హదీసు గ్రంథంలో వస్తుంది. జిన్నుల పుట్టుక సంగతి ఖుర్ఆన్‌లోనే సూరా (అధ్యాయం) రహ్మాన్‌లో ఉంది. మనుషుల కన్నా ముందే వాళ్లను పుట్టించానని సూరా హిజ్ర్‌లో అల్లాహ్ చెప్పాడు.

వెలుగు అనగానే పిల్లలు ట్యూబులైటు అనుకుంటారు. అలా కాదు. మట్టితో చేసిన మనం ఇప్పుడు మట్టిముద్దలా లేం కదా, ఎముక, రక్తం, ఆలోచన అయ్యాం. వాళ్లూ అంతే. మూలం ఏమిటో మనకు చెప్పాడు, తయారైన తీరు చెప్పలేదు.

ఫరిష్తాలకు రెక్కలుంటాయా? ఆడవాళ్లా, మగవాళ్లా?

రెక్కలున్నాయి. రెండు, మూడు, నాలుగు రెక్కలున్న ఫరిష్తాలను సందేశాలు మోసేవాళ్లుగా చేశానని 35వ సూరా మొదటి ఆయత్ (వాక్యం) చెబుతుంది. జిబ్రీల్‌ను ఆరువందల రెక్కలతో ప్రవక్త (స) చూశారని హదీసు. ఆ అసలు రూపంలో చూసింది రెండేసార్లు. దిగంతమంతా ఆయనే నిండిపోయాడట. బీచ్ రోడ్డులో నిలబడి సముద్రం వైపు చూడండి. ఇటు డాల్ఫిన్ నోస్ నుంచి అటు కైలాసగిరి దాకా కనిపించే ఆకాశం అంచు అంతా ఒక్కరితోనే నిండిపోవడం ఎలా ఉంటుందో ఊహించండి. నేనెన్నిసార్లు ప్రయత్నించినా సగం దాకే ఊహించగలిగాను.

అదే జిబ్రీల్ మామూలు మనిషిలా కూడా వచ్చేవాడు. ఒకరోజు తెల్లటి బట్టలు, నల్లటి జుట్టుతో ఒకాయన వచ్చి ప్రవక్త (స) మోకాళ్లకు మోకాళ్లు ఆనించి కూర్చున్నాడు. అక్కడున్నవాళ్లకు ఆయన ఎవరో తెలియదు. పొరుగూరివాడనుకుందామంటే ప్రయాణం చేసి వచ్చిన ఆనవాలు లేదు. ఆ రోజుల్లో ఎడారి దాటి వచ్చినవాడి బట్టలు ఎలా ఉండాలి! ఇస్లాం అంటే ఏమిటి, ఈమాన్ అంటే ఏమిటి, ఇహ్సాన్ అంటే ఏమిటి అని అడిగి, జవాబు విని, నిజం చెప్పారు అని లేచి వెళ్లిపోయాడు. మీకు మీ ధర్మం నేర్పడానికి వచ్చిన జిబ్రీల్ అతను అని ప్రవక్త (స) తర్వాత చెప్పారు. ప్రవక్త (స) సహచరుడు ఉమర్ చెప్పిన ఈ సంగతి నేను ఏడాదికి ఒకసారైనా పిల్లలకు పూర్తిగా చెబుతాను.

ఇక ఆడా మగా అన్నది వాళ్లకు వర్తించదు. ఫరిష్తాలు అల్లాహ్ కూతుళ్లని మక్కావాళ్లు అనేవారు. వాళ్ల పుట్టుక మీరు చూశారా అని ఖుర్ఆన్ నిలదీసింది. వాళ్లు తినరు, తాగరు. ఇబ్రాహీం ప్రవక్త ఇంటికి అతిథుల్లా వచ్చినప్పుడు ఆయన దూడమాంసం కాల్చి తెచ్చి ముందు పెట్టాడు. వాళ్ల చెయ్యి దాని వైపు పోకపోయేసరికి ఆయనకు భయం వేసింది. పెట్టింది ముట్టని అతిథి ఎవరికైనా భయమే కదా.

ఒక్కొక్కరి పని ఏమిటి?

జిబ్రీల్ వహీ, అంటే దైవసందేశం, తెచ్చేవాడు. మీకాయీల్‌కు వాన, జీవనోపాధి అప్పగించారు. ఇస్రాఫీల్ ప్రళయదినాన శంఖం ఊదుతాడు. ప్రాణం తీసేవాడిని ఖుర్ఆన్ మలకుల్ మౌత్ అంటుంది, అంతే. మనం వాడే ఇజ్రాయీల్ అనే పేరు ఖుర్ఆన్‌లో గానీ సహీహ్ (ప్రామాణిక) హదీసుల్లో గానీ లేదు. సమాధిలో ప్రశ్నలడిగే ఇద్దరు మున్కర్, నకీర్. నరకానికి కాపలా ఉన్నవాడు మాలిక్. ఇవి కాక లెక్కలేనంతమంది. ఆకాశంలో బైతుల్ మామూర్ అనే మందిరంలోకి రోజుకు 70,000 మంది వెళ్తారని, ఒకసారి వెళ్లినవాళ్లకు మళ్లీ వంతు రాదని ప్రవక్త (స) ఆకాశయాత్రను చెప్పే మేరాజ్ హదీసులో ఉంది.

వాళ్లు ఆజ్ఞ మీరరు. చెప్పింది చేస్తారు. అలసట లేదు.

మన భుజాల మీద ఇద్దరుంటారంటారు, అన్నీ రాసేస్తారా?

రాస్తారు. ఖుర్ఆన్‌లో కిరామన్ కాతిబీన్ అని ఉంది, గౌరవనీయులైన లేఖకులు అని అర్థం. నోట్లోంచి మాట రావడమే ఆలస్యం, సిద్ధంగా ఉన్న కాపలాదారు ఉంటాడని 50వ సూరాలో మరో చోట ఉంది.

ఈ ప్రశ్న అడిగే పిల్లల ముఖంలో నాకు భయమే కనిపిస్తుంది. తప్పు మాదే. దొంగతనం చేస్తే రాసేస్తారు, అబద్ధం ఆడితే రాసేస్తారు అని బెదిరించాం. రాసే పద్ధతి మాత్రం చెప్పలేదు. బుఖారీ అనే హదీసు గ్రంథంలో ఆ పద్ధతి ఉంది. మంచి చేయాలనుకుని చేయలేకపోతే ఒక పూర్తి పుణ్యం. చేస్తే పది నుంచి ఏడువందల దాకా, ఇంకా ఎక్కువ. చెడు చేయాలనుకుని ఆగిపోతే, ఆగినందుకు ఒక పూర్తి పుణ్యం. చేసేస్తేనే ఒక పాపం. ఇది వినగానే మా క్లాసులో ఒక ఏడేళ్ల అబ్బాయి వేళ్ల మీద లెక్కేసుకుని, అయితే నేను నిన్న తమ్ముణ్ణి కొట్టబోయి ఆగిపోయాను ఆపా, అది ఏ వైపు పుస్తకంలో రాశారు అని అడిగాడు. కుడివైపే నాయనా అన్నాను.

ఫరిష్తాలు మనకు దగ్గరగా ఎప్పుడు వస్తారు?

నన్ను ఎక్కువమంది అడగాలని నేను కోరుకునే ప్రశ్న ఇదే.

రాత్రి ఫరిష్తాలు, పగటి ఫరిష్తాలు వంతుల ప్రకారం వస్తారు. తెల్లవారుజామున ఫజర్ నమాజులో, సాయంత్రం అసర్‌లో ఇద్దరూ కలుసుకుంటారు. తెల్లవారుజామున స్టీలు ప్లాంటు షిఫ్టులు మారినట్టు అంటే మన ఊళ్లో ఎవరికైనా అర్థమవుతుంది. పైకి వెళ్లినవాళ్లను అల్లాహ్, అన్నీ తెలిసి కూడా, నా దాసులను ఏ స్థితిలో వదిలి వచ్చారు అని అడుగుతాడు. నమాజులో ఉండగా వదిలి వచ్చాం, మేం వెళ్లినప్పుడూ నమాజులోనే ఉన్నారు అంటారు. ఫజర్ అజాన్ వేళకే చేపల బుట్టలతో ఆడవాళ్లు ఎక్కిన ఆటోలు మా వీధిలోంచి ఫిషింగ్ హార్బర్ వైపు పోతాయి. ఆ చీకట్లో వజూ (నమాజుకు ముందు ముఖం, కాళ్లూ చేతులూ కడుక్కోవడం) చేసుకుంటూ వాటి చప్పుడు వింటుంటే, ఇప్పుడు ఈ వీధిలో ఎంతమంది దిగి ఉంటారో, ఎంతమంది లేచి వెళ్తుంటారో అనిపిస్తుంది.

ఇంకో హదీసు నాకు ప్రాణం. పక్కన లేని తోటివాడి కోసం ఎవరైనా దువా (ప్రార్థన) చేస్తే, ఆ పని మీదే ఉన్న ఫరిష్తా ఆమీన్, నీకూ అంతే దక్కాలి అంటాడు. మా అమ్మీకి చివరిరోజుల్లో పేర్లు గుర్తుండేవి కావు. అయినా తస్బీహ్ (జపమాల) పట్టుకుని నీలిగేటు ఇంటావిడకు, పాలబ్బాయి వాళ్ల పాపకు అంటూ దువా చేసేది.

పచ్చి వెల్లుల్లి తిని మసీదుకు రావద్దన్న మాటలోనూ వాళ్లే ఉన్నారు. మనుషులకు ఇబ్బంది కలిగించేదే ఫరిష్తాలకూ ఇబ్బంది అని కారణం చెప్పారు. పక్క మనిషి ముక్కుకూ ఫరిష్తాకూ కలిపి మర్యాద నేర్పిన మాట అది.

కుక్క ఉన్న ఇంటికి ఫరిష్తాలు రారా?

కుక్క, ప్రాణుల బొమ్మలు ఉన్న ఇంట్లోకి రారని సహీహ్ హదీసు ఉంది. రానిది రహ్మత్ (కరుణ) తెచ్చే ఫరిష్తాలని పండితుల వివరణ. కర్మలు రాసేవాళ్లు మనిషిని వదలరు. పొలానికి, మందకు, వేటకు కుక్కను ఉంచుకోవచ్చని వేరే హదీసుల్లో ఉంది. దీన్ని పట్టుకుని వీధికుక్కలను రాళ్లతో కొట్టే పిల్లలను నేను ఊరుకోను. దాహంతో నాలుక వేలాడేసిన కుక్కకు తోలు మేజోడుతో నీళ్లు తోడి పోసినందుకు క్షమాపణ దక్కిన సంగతి చెప్పినవారూ ఆ ప్రవక్తే (స).

జిన్నులంటే దెయ్యాలేనా?

కాదు. దెయ్యం అంటే మన ఊళ్లో చనిపోయినవాడి ఆత్మ తిరిగి రావడం. ఇస్లాంలో అలాంటిది లేదు. పోయినవాళ్లకూ ఈ లోకానికీ మధ్య బర్జఖ్ అనే అడ్డు ఉంది, మళ్లీ లేపే రోజు దాకా దాన్ని దాటి రారు. జిన్నులు వేరే జాతి. పుడతారు, తింటారు, సంతానం కంటారు, చనిపోతారు. మనం వాళ్లను చూడలేం, వాళ్లు మనల్ని చూస్తారు.

తెలుగులో జిన్ను పట్టింది, జిన్ను వెళ్లిపోయింది అని పురుగునో పశువునో అన్నట్టు అంటాం. నేను మాత్రం వాళ్లు అంటాను. లెక్క చెప్పుకోవలసిన జాతిని అది అనడం నాకు నచ్చదు. జిన్నులనూ మనుషులనూ నన్ను ఆరాధించడానికే సృష్టించాను అన్నాడు అల్లాహ్. సూరా రహ్మాన్‌లో 31 సార్లు వచ్చే ప్రశ్న, మీ ప్రభువు అనుగ్రహాల్లో దేన్ని కాదంటారు అన్నది, మీరిద్దరూ అనే రూపంలో ఉంటుంది. ఆ ఇద్దరూ మనమూ, వాళ్లూ.

వాళ్ల తిండి సంగతి కూడా హదీసులో ఉంది. అల్లాహ్ పేరు తలచిన జంతువు ఎముక వాళ్ల ఆహారం, పేడ వాళ్ల పశువుల మేత. అందుకే ఎముకతో, పేడతో శుభ్రం చేసుకోవద్దన్నారు. అవి మీ సోదరుల తిండి అన్నారు. సోదరులు! ఆ మాట దగ్గర నేనెప్పుడూ ఆగుతాను.

జిన్నుల్లో ముస్లింలుంటారా?

ఉంటారు. తాయిఫ్ ఊరు ప్రవక్తను (స) రాళ్లు వేసి తరిమింది. కాళ్లు రక్తాలోడుతూ మక్కాకు తిరిగివస్తూ నఖ్లా లోయలో ఆగి రాత్రి నమాజులో ఖుర్ఆన్ చదువుతుండగా ఒక జిన్నుల గుంపు విన్నదని చరిత్రకారులు రాశారు. మాట్లాడకండి, వినండి అని ఒకరికొకరు చెప్పుకున్నారు. అయిపోయాక తమవాళ్ల దగ్గరికి వెళ్లి హెచ్చరించారు. 46వ సూరా చివర్లో ఈ ముచ్చట ఉంది. 28 ఆయత్‌ల సూరా జిన్న్‌లో వాళ్ల మాటలే ఉన్నాయి: మాలో మంచివాళ్లున్నారు, కానివాళ్లూ ఉన్నారు, తలో దారిలో ఉన్నాం అంటారు. మన వీధి గురించి ఎవరైనా ఇంతకన్నా బాగా చెప్పగలరా?

షైతాన్ ఒకప్పుడు ఫరిష్తా అంటారు, నిజమేనా?

షైతాన్ అని మనం పిలిచే ఇబ్లీస్ జిన్నుల్లోనివాడని 18వ సూరా సూటిగా చెప్పింది. తొలితరం పండితుల్లో కొందరు అతను ఫరిష్తాల్లో ఒకడని చెప్పినట్టు తఫ్సీరుల్లో (ఖుర్ఆన్ వ్యాఖ్యానాల్లో) ఉంది. అతను ఒక్క క్షణం కూడా ఫరిష్తా కాదన్నారు మరో పండితుడు హసన్ బస్రీ. నాకు రెండోదే సరిగ్గా కనిపిస్తుంది, ఫరిష్తాలు ఆజ్ఞ మీరరు కాబట్టి. ఆదమ్‌కు సజ్దా (సాష్టాంగం) చేయమంటే ఇబ్లీస్, నన్ను నిప్పుతో చేశావు, వాడిని మట్టితో చేశావు అన్నాడు. పుట్టుక చూసి నేను గొప్ప అన్న మొదటి మాట అది. జిన్నులందరూ షైతానులు కారు. చెడ్డదారి పట్టించేవాళ్లకే ఆ పేరు, అది మనుషుల్లోనూ ఉందని ఖుర్ఆన్ అంటుంది.

జిన్నులకు జరగబోయేది తెలుసా? తప్పిపోయిన నగ ఎక్కడుందో చెప్పిస్తామంటున్నారు.

హుద్‌హుద్ అంటే మన ఊరికి 2014 అక్టోబర్ 12 గుర్తొస్తుంది. కిటికీలు విరిగిన రోజు, కొండల మీద నిలువునా ఒరిగిన చెట్లు, రోజుల తరబడి కరెంటు లేకపోవడం. ఆ పేరు ఒమాన్ దేశం ఇచ్చింది, తలమీద విసనకర్రలాంటి కుచ్చు ఉన్న పక్షిది. ఆ పక్షి సులైమాన్ ప్రవక్త కథలో ఉంది. ఆయన సైన్యంలో మనుషులు, జిన్నులు, పక్షులు ఉండేవారు. ఒకరోజు హుద్‌హుద్ కనిపించలేదు. కాసేపటికి వచ్చి, మీకు తెలియని సంగతి తెచ్చాను అని సబా రాణి కబురు చెప్పింది. అంత దూరపు రాజ్యం కబురు ఆ ఆస్థానానికి తెచ్చింది జిన్ను కాదు, పిడికెడంత పిట్ట! ఆ రాణి సింహాసనాన్ని మీరు లేచేలోపు తెస్తానని ఇఫ్రీత్ అనే బలమైన జిన్ను అన్నాడు. గ్రంథజ్ఞానం ఉన్న మరొకరు రెప్పపాటులో తెచ్చారు.

అసలు జవాబు సులైమాన్ మరణంలో ఉంది. కర్ర మీద ఆనుకుని నిలబడి ఉండగానే ఆయన ప్రాణం పోయింది. ఆయన చూస్తున్నాడనుకుని జిన్నులు చాకిరీ చేస్తూనే ఉన్నారు. పురుగు ఆ కర్రను తొలిచి, ఆయన ఒరిగి పడ్డాక తెలిసింది వాళ్లకు. తమకు గైబ్, అంటే కంటికి కనిపించని సంగతి, తెలిసి ఉంటే ఆ అవమానపు చాకిరీలో ఉండేవాళ్లం కాదని అప్పుడు బయటపడింది. ఉప్పుగాలికి మన గుమ్మాలు చెదపట్టిపోతుంటాయి కదా, లోపలంతా డొల్లయినా పైకి రంగు అలాగే ఉంటుంది. ఆ కర్ర అలా ఉండి ఉంటుందని నా ఊహ. కళ్లెదుట నిలబడ్డ మనిషి పోయాడో ఉన్నాడో తెలియనివాళ్లు మీ గొలుసు ఎక్కడుందో చెబుతారా? జోస్యం చెప్పేవాడి దగ్గరికి వెళ్లి అడిగినవాడి నమాజు నలభై రాత్రులు స్వీకరించబడదని హదీసు. ఆ డబ్బులు దాచుకోండి.

మా అమ్మాయికి జిన్ను పట్టిందంటున్నారు, ఏం చేయాలి?

ముందు డాక్టరుకు చూపించండి. ఇది నేను తేలిగ్గా రాస్తున్న మాట కాదు.

మా పిన్ని కూతురు పదమూడేళ్లప్పుడు పడిపోయి కాళ్లూ చేతులూ కొట్టుకునేది, నోట్లో నురగ. జిన్నును దించుతానన్న ఒకతని దగ్గరికి తీసుకెళ్లారు. ముక్కు కింద పొగ పెట్టాడు, వేళ్లు మెలిపెట్టాడు. ఏడాదిన్నర తిప్పారు. చివరికి పెద్దాసుపత్రిలో చూపిస్తే మూర్ఛ అన్నారు, మాత్రలు రాశారు. కొన్ని నెలల్లో తగ్గింది. ఇప్పుడు తనకు ఇద్దరు పిల్లలు. కుడిచేతి చిటికెన వేలు ఇప్పటికీ పూర్తిగా ముడవదు.

జిన్ను ప్రభావం ఉండగలదని అహ్లె సున్నత్ (సున్నీ) పండితుల్లో ఎక్కువమంది నమ్మకం, దానికి ఖుర్ఆన్ చదివి దువా చేసే రుఖ్యా ఉంది. కానీ రుఖ్యాలో కొట్టడం లేదు, పొగ లేదు, మేక లేదు, ఆడపిల్లతో గదిలో ఒంటరిగా కూర్చోవడం అసలే లేదు. బుఖారీలో ఒక నల్లని స్త్రీ సంగతి ఉంది. నాకు ఫిట్స్ వస్తున్నాయి, ఒంటిమీద బట్ట తొలగిపోతోంది, దువా చేయండి అని ప్రవక్తను (స) అడిగింది. ఓర్చుకుంటే స్వర్గం, కావాలంటే నయం కావాలని దువా చేస్తాను అన్నారు. ఓర్చుకుంటాను గానీ బట్ట తొలగకుండా దువా చేయండి అంది. చేశారు. ఆమెను ఎవరూ కొట్టలేదు, జుట్టు పట్టి ఎవరు నువ్వు అని అడగలేదు. వైద్యం చేయించుకోండి, మందు లేకుండా అల్లాహ్ ఏ రోగాన్నీ దింపలేదు అన్నదీ ఆయన మాటే. నిద్ర పట్టకపోవడం, చెవిలో గొంతులు వినిపించడం, బతకాలని లేదనడం, వీటన్నిటికీ మన ఊళ్లో వైద్యులున్నారు. మందు వేసుకుంటూ దువా చేయండి, ఒకటి రెండోదానికి అడ్డు కాదు.

మసీదు మెట్ల దగ్గర పసిపిల్లలకు ఊదించుకోవచ్చా? మేం హిందువులం.

రండి. పొద్దుగూకాక మగ్రిబ్ నమాజు అవగానే మసీదు గుమ్మం దగ్గర చంకలో బిడ్డతో, చేతిలో నీళ్ల సీసాతో తల్లులు నిలబడటం నా చిన్నప్పటినుంచీ చూస్తున్నాను. నుదుట బొట్టున్నవాళ్లే ఎక్కువ. బయటికి వచ్చేవాళ్లు ఒక్కొక్కరూ ఆ బిడ్డ తల మీద ఊది వెళ్తారు. చదివేది ఫాతిహా, ఫలఖ్, నాస్ సూరాలు. డబ్బు అడగరు. నయం చేసేది అల్లాహ్, ఊదినవాడిలో ఏమీ లేదు. జ్వరం రెండు రోజులు దాటితే మాత్రం సీసా ఇంట్లో పెట్టి బిడ్డను ఆసుపత్రికి తీసుకెళ్లండి.

తావీజు (తాయెత్తు) సంగతీ అడుగుతారు. ఖుర్ఆన్ ఆయత్‌లే రాసి కట్టుకోవడం మీద పండితుల్లో రెండు మాటలున్నాయి. అర్థం తెలియని అంకెలు, గీతలు, పేర్లు రాసినదానికి మాత్రం రెండో మాట లేదు, వద్దు.

చీకటి పడేవేళ పిల్లల్ని బయట ఉండనివ్వరెందుకు?

ఆ వేళ షైతానులు చెదురుతారు, పిల్లలను కాసేపు లోపల ఉంచండి, తర్వాత వదలండి అని హదీసు. బిస్మిల్లాహ్ అని తలుపు వేయండి, మూసిన తలుపు షైతాన్ తీయలేడు. గిన్నెల మీద మూత పెట్టండి. దీపం ఆర్పండి, ఎలుక వత్తి లాక్కెళ్లి ఇల్లు కాల్చవచ్చు. చూడండి, కనిపించనిదాన్నీ కనిపించే ఎలుకనూ ఒకే మాటలో చెప్పారు. మా నానీకి ఎలుక భాగం బాగా నచ్చేది.

రాత్రి భయమేస్తే ఏం చదవాలి?

ఆయతుల్ కుర్సీ, 2వ సూరా 255వ ఆయత్. దీని వెనక ఒక కథ ఉంది. రంజాను జకాత్ (పేదలకిచ్చే దానం) ధాన్యానికి ప్రవక్త (స) సహచరుడు అబూ హురైరా కాపలా ఉన్నారు. రాత్రి ఒకడు వచ్చి గుప్పిళ్లతో ఎత్తుకుంటుంటే పట్టుకున్నారు. పిల్లలున్నారు, పేదవాణ్ణి అని బతిమాలితే వదిలేశారు. వాడు మళ్లీ వస్తాడు అన్నారు ప్రవక్త (స). వచ్చాడు. మళ్లీ జాలిపడ్డారు. మూడోరాత్రి వదలనంటే వాడు, నీకు పనికొచ్చే మాట చెబుతాను, పడుకునే ముందు ఆయతుల్ కుర్సీ చదువు, తెల్లారేదాకా అల్లాహ్ తరఫున ఒకరు నీకు కాపలా ఉంటారు, షైతాన్ దరిచేరడు అన్నాడు. పొద్దున్నే ఈ మాట విని ప్రవక్త (స) అన్నారు: వాడు అబద్ధాలకోరే అయినా నీతో నిజం చెప్పాడు. మూడు రాత్రులుగా నువ్వు మాట్లాడింది షైతాన్‌తో.

ఈ కథ విన్న రోజు పిల్లలకు నిద్ర పట్టదేమోనని అనుకునేదాన్ని. మొన్న ఒక తల్లి చెప్పింది, వాళ్ల పాప ఆయత్ చదువుకుని, మంచంలో ఒక పక్కకు జరిగి పడుకుంటోందట. ఎందుకే అంటే, కాపలా ఆయన రాత్రంతా నిలబడే ఉంటాడా అమ్మీ, కూర్చోవడానికి చోటు వదిలాను అందట.